లావు తీగ

డాక్టరమ్మ కాగితం మీద గీత గీసి చూపించింది.
ఎడమవైపు నింపాదిగా నడిచిన గీత
కుడివైపుకొచ్చేసరికి
మెట్లు చూసుకోని మనిషిలా పడిపోయింది.
"పిట్టలు వినబడవు. కుక్కర్ ఈల వినబడదు.
ఫోన్లో చిన్నపిల్లల నవ్వు సగమే."
గ్దీనియా ఓడల కార్ఖానాలో
ఇరవై తొమ్మిదేళ్లు, ఇనుప రేకుల మీద సుత్తులు.
పై వాటా ఎవరికో అద్దెకిచ్చాననుకుంటా, అన్నాను.
కింది వాటా ఇంకా నాదే కదా.

మర్నాడు పాత సామాన్ల కొట్లో
గిటారు అనుకుని ఎత్తబోతే భుజం జారింది.
నాలుగే తీగలు.
మిగతావి తెగాయా అని అడిగితే
కొట్టువాడు నవ్వి, లావు తీగని బొటనవేలితో మీటాడు.
నాకేం వినబడలేదు.
కడుపులో ఎవరో కుర్చీ జరిపారు.
బేరమాడడం మర్చిపోయాను.

వెల్డింగు పట్టిన వేళ్లే,
వారానికే బొబ్బలెక్కాయి.
ప్లాస్టరు చుట్టి వాయిస్తే
తీగ జలుబు చేసినట్టు పలికింది.
నెలకి చర్మం మొద్దుబారింది.
నాకు తెలిసిన చర్మమే,
కార్ఖానా మూసినప్పుడు వెళ్లిపోయింది,
మళ్లీ వచ్చింది, ఎక్కడికెళ్లావని నేను అడగలేదు.

గురువారాలు, మూతపడ్డ దర్జీ కొట్టు కింద
బాయిలర్ గదిలో కలుస్తాం.
ఏడుగురం. అందరివీ బేసులే.
పాడేవాళ్లు లేరు, డ్రమ్ము లేదు,
పెళ్లికొచ్చినవాళ్లంతా వంటవాళ్లే అయినట్టు.
సిటీబస్సు నడిపే లెషెక్,
పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే బొజెనా,
ఇప్పటికీ నాకు పేర్లు తారుమారయ్యే కవలలు,
ఓడల మీద డాన్సు బ్యాండులో వయసంతా గడిపిన ఎవ్‌గేన్యుష్,
ఆకుపచ్చ గోళ్ల యాగ్నా,
పద్దెనిమిదేళ్లు, ఎవరితోనూ మాట్లాడదు.

మొదటిరోజు తప్పు మెట్టు మీద వేలు పెట్టాను.
బల్ల మీది గాజు గ్లాసు
నడుచుకుంటూ వెళ్లి కిందపడింది.
"పక్కింటి తలుపు కొట్టావమ్మా హాలీనా," అన్నాడు ఎవ్‌గేన్యుష్,
"ఒక్క మెట్టు వెనక్కి రా, మనిల్లే."
లెషెక్‌కి అన్నీ బస్సు పోలికలే:
"స్టాపులో ముసలాయన ఎక్కేదాకా ఆగు,
ఆ తర్వాతే రెండో స్వరం."
పైన కాపురముండే వాండా గారు
చీపురుకర్రతో నేలని పొడుస్తుంది.
పొడవనీ, అంటాడు కవలల్లో ఒకడు,
మనకంటే లయలోనే ఉంది.

జనవరిలో ఓ గురువారం కరెంటు పోయింది.
ఆంప్లిఫయర్ల ఎర్రకళ్లు ఒక్కసారే మూసుకున్నాయి.
తీగ మీటితే వాళ్లకి
చెక్కపెట్టెలో ఎలుక తిరిగినంత చప్పుడు.
నాకు అదీ లేదు.
ఒక్కొక్కరూ కోట్లు తడుముకుంటున్నారు.
నేను వంగి
బేసు కొమ్ముకి దవడ ఆనించి
లావు తీగని వదిలాను.

ఎముకలోంచి వచ్చింది,
పళ్ల వరసంతా తలుపులు తీసుకుంటూ.
పొగమంచులో ఓడ దగ్గరికొస్తుంటే
మనకంటే ముందు గట్టుకి తెలుస్తుంది చూడండి, అలా.

ఏం చేస్తున్నావని అడిగారు. చెప్పాను.
కొవ్వొత్తి చుట్టూ
ఎవరి కర్రకి వాళ్లు దవడలు ఆనించి
కళ్లు మూసుకుని కూర్చున్నాం,
పంటినొప్పి వార్డులా ఉన్నాం అంటూ
బొజెనా నవ్వు ఆపుకోలేకపోయింది.

అప్పుడు యాగ్నా స్టూలు ఈడ్చుకుంటూ వచ్చి
తన బేసు కొమ్ముని నా వైపు వంచింది.
దవడ పెట్టాను.
ఆకుపచ్చ గోళ్లు కదిలాయి.
ఆ పిల్ల లోపల ఇంత మాట ఉందని
ఆ గదిలో ఎవరికీ తెలియదు.
నేనూ చెప్పను.

కరెంటు వచ్చింది.
ప్లగ్గు దగ్గరికి ఎవరూ వెంటనే వెళ్లలేదు.
చీపురుకర్ర రెండుసార్లు అడిగింది, ఏమయ్యారని.

ఇంటికొచ్చి, పాలు తీయబోతూ
ఫ్రిజ్ మీద అరచెయ్యి ఉంచాను.
లావు తీగ, మూడో మెట్టు.
ఓ పిసరు శ్రుతి పైన.
ఇన్నేళ్లూ వంటింట్లో
ఒక్కతే వాయించుకుంటోంది పాపం.
దీపం ఆర్పేసి,
బేసు తెచ్చుకుని
పక్కన కూర్చున్నాను.